చెట్టు పేరు ఎంత దూరం పనికొస్తుంది? యూనివర్సిటీ ఎంచుకునే ముందు ఒక పోలిక

ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులను మొదటిసారి వడపోసేటప్పుడు ఏం జరుగుతుందో దగ్గరుండి చూసినవాళ్లు తక్కువ. చాలా ఏళ్లుగా నేను ఆ పని చేస్తున్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. కంప్యూటర్ తెర మీద రెండు వందల రెజ్యూమెలు ఉంటాయి. సాయంత్రంలోగా ఇరవై మందిని తేల్చాలి. ఒక్కోదాని మీద చూపు నిలిచేది అర నిమిషం కూడా ఉండదు. ఏం చదివారు, ఎక్కడ చదివారు, ఏం చేశారు అన్న మూడు చోట్లకే కన్ను పోతుంది. తెలిసిన యూనివర్సిటీ కనిపిస్తే చెయ్యి కాస్త ఆగుతుంది. తెలియని పేరైతే కిందికి జారిపోతుంది, అక్కడ చేసిన పని గట్టిగా కనిపిస్తేనే మళ్లీ ఆగుతుంది. ఇది న్యాయమా అంటే కాదు. కానీ జరిగేది ఇదే, సీటు ఎంచుకునేవాళ్లకు ఇది ముందే తెలియాలి.

ఆ ఇరవై మంది గదిలోకి వచ్చి కూర్చున్నాక లెక్క మారిపోతుంది. పది నిమిషాలు గడిచేసరికి ఎవరు ఎక్కడ చదివారో ప్యానెల్‌లో ఎవరికీ గుర్తుండదు. "ఈ ప్రాజెక్టులో ఎక్కడ ఇరుక్కుపోయారు, ఎలా బయటపడ్డారు?" అని అడిగితే వివరంగా చెప్పగలిగినవాళ్లు నిలబడతారు. ఐదారేళ్ల అనుభవం ఉన్నవాళ్ల రెజ్యూమెల్లో అయితే యూనివర్సిటీ పేరు చివరి పేజీలో ఒక్క లైనుకు చేరుతుంది.

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటాం కదా, యూనివర్సిటీ పేరు సరిగ్గా అలాంటిదే. మొదటిసారి కొనేవాడికి కాయ రుచి తెలియదు కాబట్టి చెట్టు పేరు అడుగుతాడు. రెండోసారి వచ్చేవాడు కాయనే చూస్తాడు. కాబట్టి పెద్ద పేరా, చిన్న పేరా అని తేల్చుకునే ముందు, మీరు వెళ్లబోయే రంగంలో చెట్టు పేరు అడగడం ఎన్నాళ్లకు ఆగుతుందో తెలుసుకోవాలి.

రంగాన్ని బట్టి పేరు బరువు

లైసెన్సు ఉంటేనే పని చేయనిచ్చే వృత్తుల్లో, అంటే వైద్యం, నర్సింగ్, లా, ఆర్కిటెక్చర్ లాంటి వాటిలో, పేరు కన్నా ముందు చూడాల్సింది గుర్తింపు. మీరు ప్రాక్టీసు చేయాలనుకునే చోట ఈ డిగ్రీతో లైసెన్సు పరీక్ష రాయనిస్తారా? ఇంజనీరింగ్‌లో వాషింగ్టన్ అకార్డ్ అని 1989లో కుదిరిన ఒప్పందం ఉంది. అందులో ఉన్న సంస్థల్లో ఒకరు గుర్తించిన కోర్సును మిగతావాళ్లు తమ కోర్సులతో సమానంగా చూస్తారు. ఇలాంటి గుర్తింపు చాలాచోట్ల యూనివర్సిటీ మొత్తానికి కాకుండా కోర్సుకు విడిగా ఇస్తారు. ఒకే క్యాంపస్‌లో ఒక బ్రాంచికి ఉండి పక్క బ్రాంచికి లేకపోవచ్చు. అందుకే బ్రోషర్ చూసి ఊరుకోకుండా, గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలోకే వెళ్లి మీ కోర్సు పేరు, అది ఏ సంవత్సరం వరకు చెల్లుతుందో వెతకండి. గుర్తింపు ఉన్న రెండు మెడికల్ కాలేజీల మధ్య తేల్చుకోవాల్సి వస్తే, నేనైతే అనుబంధ ఆసుపత్రిలో రోగుల రద్దీ చూస్తాను. రోగులు రాని ఆసుపత్రిలో విద్యార్థికి చెయ్యి తిరగదు.

సాఫ్ట్‌వేర్, డిజైన్, రచన, వీడియో ఎడిటింగ్ లాంటి చోట చేసిన పనిని నేరుగా చూపించవచ్చు. చూపించడానికి పని ఉన్నప్పుడు పేరు బరువు తొందరగా తగ్గుతుంది.

మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్, పెద్ద లా ఫర్మ్‌ల సంగతి వేరు. ఆ సంస్థలు కొత్తవాళ్ల కోసం ఎంచుకున్న కొన్ని క్యాంపస్‌లకే వెళతాయి. ఇరవై ఒక్కేళ్ల అభ్యర్థి పని ఎలా ఉంటుందో ముందే కొలవడం కష్టం కాబట్టి, కఠినమైన ఎంట్రన్స్ దాటినవాడన్న గుర్తునే చూసుకుంటాయి. చదువు నేర్పిన నైపుణ్యానికే కాకుండా, అది ఇచ్చే ఈ గుర్తుకు కూడా ఉద్యోగ మార్కెట్ విలువ కడుతుందని మైకేల్ స్పెన్స్ 1973లోనే సిద్ధాంతంగా చెప్పారు. 2001లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. ఇలాంటి రంగమే మీ లక్ష్యమైతే పేరు కోసం కష్టపడటం వృథా కాదు.

యూనివర్సిటీలో ప్రొఫెసర్ కావాలనుకునేవాళ్లకైతే పేరు ఇంకా బరువైనది. ఆరన్ క్లాసెట్, ఆయన సహచరులు ఉత్తర అమెరికాలో కంప్యూటర్ సైన్స్, బిజినెస్, హిస్టరీ విభాగాల నియామకాలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రచురించారు. నాలుగో వంతు సంస్థల్లో పీహెచ్‌డీ చేసినవాళ్లే, శాశ్వత ఉద్యోగానికి దారితీసే అధ్యాపక పదవుల్లో 71 నుంచి 86 శాతం దాకా ఉన్నారు. అయితే ఇక్కడ లెక్కలోకి వచ్చేది పీహెచ్‌డీ చేసిన చోటు. డిగ్రీ ఎక్కడ చేశారన్నది అక్కడికి చేరడానికి మెట్టు మాత్రమే. కాబట్టి ఈ దారిలో వెళ్లేవాళ్లు డిగ్రీ కోసం చూడాల్సింది పరిశోధనలో విద్యార్థుల చెయ్యి పెట్టనిచ్చే డిపార్ట్‌మెంటు, ఆ తర్వాత గట్టి సిఫారసు లేఖ రాయగలిగేంత దగ్గరగా తెలిసే అధ్యాపకులు.

పేరు వల్ల జీతం నిజంగా పెరుగుతుందా?

పెద్ద యూనివర్సిటీల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ సంపాదిస్తున్నారు, అది కనిపిస్తూనే ఉంది. కానీ అది యూనివర్సిటీ ఇచ్చిందా, ఆ విద్యార్థులు ఎక్కడ చదివినా సంపాదించేవాళ్లా? స్టేసీ డేల్, అలన్ క్రూగర్ దీనికి ఒక తెలివైన దారి కనిపెట్టారు. 1976లో చేరిన అమెరికా విద్యార్థుల్లో, దాదాపు ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు చేసి, ఒకే రకం చోట సీటు వచ్చినవాళ్లను పక్కపక్కన పెట్టారు. వాళ్లలో కొందరు ఎక్కువ పోటీ ఉన్న కాలేజీలో చేరారు, కొందరు తక్కువ పోటీ ఉన్నదానిలో చేరారు. ఏళ్ల తర్వాత చూస్తే జీతాల్లో పెద్ద తేడా లేదు. ఆ స్థాయి ప్రతిభ, పట్టుదల ఉన్న విద్యార్థి ఎక్కడికి వెళ్లినా దాదాపు అక్కడికే చేరాడన్నమాట.

అయితే అదే పరిశోధనలో మినహాయింపు ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది అదే. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు మాత్రం పోటీ ఎక్కువున్న కాలేజీ వల్ల లాభం కనిపించింది. తర్వాత వాళ్లు చేసిన మరో అధ్యయనంలో నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థులకు, తల్లిదండ్రులు ఎక్కువ చదువుకోని విద్యార్థులకు కూడా లాభం కనబడింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఇంట్లో ఇంజనీరో లాయరో ఉన్న పిల్లలకు ఇంటర్న్‌షిప్ ఎలా అడగాలో, ఎవరికి ఫోన్ చేయాలో అమ్మానాన్నే చెబుతారు. అలాంటివాళ్లు లేని ఇంటి పిల్లలకు ఆ సాయం యూనివర్సిటీలోనే దొరకాలి. మీ ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదువుతున్నది మీరే అయితే, "ఎక్కడ చదివితే ఏముంది, మనం చదవాలి గానీ" అన్న మాట పట్టుకుని మంచి సీటు వదులుకోకండి. ఆ మాట చెప్పేవాళ్లు చాలాసార్లు ఇంట్లో ఆ దన్ను ఉన్నవాళ్లే.

2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అమెరికాలోని 12 అగ్రశ్రేణి యూనివర్సిటీల మీద ఇంకోలా లెక్కగట్టారు. వెయిటింగ్ లిస్టులో ఉండి సీటు వచ్చినవాళ్లనీ, రానివాళ్లనీ పోల్చారు. సగటు ఆదాయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ పేరున్న సంస్థలో ఉద్యోగం దొరికే అవకాశం దాదాపు మూడు రెట్లైంది, అగ్రశ్రేణి పీజీలో చేరే అవకాశం దాదాపు రెట్టింపైంది. అంటే పెద్ద పేరు సగటు మనిషి జీతం పెంచడం కన్నా, అన్నిటికన్నా పై మెట్టుకు చేరే అవకాశాన్ని ఎక్కువగా పెంచుతోంది.

ఆ పై మెట్టు కూడా అందరికీ ఒకేలా అందదు. చిలీలో వ్యాపార రంగానికి దారితీసే అగ్రశ్రేణి కోర్సుల మీద సెత్ జిమ్మర్‌మన్ చేసిన పరిశోధన 2019లో వచ్చింది. పెద్ద కంపెనీల అగ్ర పదవులకు చేరే లాభం ఖరీదైన ప్రైవేటు హైస్కూళ్ల నుంచి వచ్చిన అబ్బాయిలకే దక్కింది. అదే తరగతిలో కూర్చున్న అమ్మాయిలకు, మామూలు స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ లాభం కనబడలేదు. ఒకే గదిలో చదువుకున్నా పరిచయాలు మాత్రం గుంపులు గుంపులుగానే పెరిగాయన్నమాట. ఇది చదివినప్పుడు నాకు బాధేసింది. క్యాంపస్ ఎంచుకునేటప్పుడు, మీలాంటి నేపథ్యం నుంచి వచ్చిన సీనియర్లు ఎక్కడిదాకా వెళ్లారో విడిగా అడగాలని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

పెద్ద పేరులో ఇష్టం లేని సబ్జెక్టా, మామూలు పేరులో కావలసిన సబ్జెక్టా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నా సమాధానం సబ్జెక్టు వైపే. నార్వేలో విద్యార్థులు సబ్జెక్టు, సంస్థ రెండూ కలిపి ఆప్షన్లు ఇస్తారు, మార్కుల కటాఫ్ బట్టి సీటు వస్తుంది. కటాఫ్‌కు ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు ఉన్నవాళ్లను పోల్చి కిర్కెబోయెన్, లూవెన్, మోగ్‌స్టాడ్ 2016లో ఫలితాలు ప్రచురించారు. సబ్జెక్టు మారితే ఆదాయంలో వచ్చిన తేడాతో పోలిస్తే, ఎక్కువ పోటీ ఉన్న సంస్థలో చదవడం వల్ల వచ్చిన తేడా చిన్నది.

నా సొంత అనుభవం కూడా అటే లాగుతుంది. నేను డిగ్రీలో చేరినప్పుడు పేరే చూశాను, డిపార్ట్‌మెంటు చూడలేదు. ల్యాబ్‌లో పనిచేసే పరికరం ఒక్కటే. నలభై మందిమి దాని చుట్టూ నిలబడేవాళ్లం. ముందు వరసవాళ్ల భుజాల మీదుగా తొంగిచూసి రీడింగులు రాసుకునేవాణ్ని. మొదటి ఉద్యోగంలో అలాంటి పరికరమే నా చేతికిచ్చి మొదలుపెట్టమన్నారు. స్విచ్చి ఎక్కడుందో తెలియక పక్కవాళ్లను అడిగాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఆ రోజు నాకు నిజంగా అర్థమైంది.

ఒక్క మినహాయింపు ఇస్తాను. మీకు ఏ సబ్జెక్టు కావాలో ఇంకా స్పష్టంగా లేకపోతే, మొదటి ఏడాది తర్వాత బ్రాంచి మారనిచ్చే యూనివర్సిటీ మంచిది. కానీ "మారనిస్తాం" అన్న మాట వేరు, నిరుడు ఎంతమంది అడిగితే ఎంతమందికి ఇచ్చారన్నది వేరు. ఆ రెండో అంకె అడగండి.

అప్పు చేసి పెద్ద పేరా, స్కాలర్‌షిప్‌తో మధ్యస్థమైనదా?

చదువు మొత్తానికి చేసే అప్పు మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదని ఒక మోటు లెక్క చెబుతుంటారు. మోటుదే అయినా పనికొచ్చేదే. అయితే ఆ మొదటి ఏడాది జీతం ఎంతని అంచనా వేసుకోవాలి? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. బ్రోషర్లలో వేసేది సగటు ప్యాకేజీ. పది మందిలో తొమ్మిది మందికి 4 వంతులు వచ్చి, ఒక్కరికి 44 వంతులు వస్తే సగటు 8 అవుతుంది. ఆ 8 పది మందిలో ఒక్కరికీ రాలేదు! జీతాలను వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో నిలిచే అంకె అడగండి, దాన్నే మధ్యగతం అంటారు. దాంతో పాటు, ఆ లెక్కలో మొత్తం బ్యాచి ఉందా, ప్లేస్‌మెంట్‌కు పేరు ఇచ్చినవాళ్లే ఉన్నారా అని కూడా అడగండి.

అప్పు వడ్డీతో ఆగదు, మీరు ఏ ఉద్యోగం ఒప్పుకోగలరో కూడా అదే నిర్ణయిస్తుంది. జెస్సీ రాత్‌స్టీన్, సిసిలియా రౌస్ 2011లో ప్రచురించిన అధ్యయనం ఒక పేరున్న అమెరికా యూనివర్సిటీ మీద చేసింది. ఆ యూనివర్సిటీ రుణాల బదులు గ్రాంట్లు, అంటే తిరిగి కట్టక్కర్లేని సాయం, ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి ముందూ తర్వాతా పోల్చితే, అప్పు ఉన్న విద్యార్థులు జీతం ఎక్కువున్న ఉద్యోగాల వైపు మొగ్గారు, ప్రజాసేవకు దగ్గరగా ఉండే ఉద్యోగాలు తగ్గాయి. టీచర్ అవ్వాలనో, పరిశోధన చేయాలనో, సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనో అనుకునే పిల్లలు మొదటి నెల నుంచే కిస్తీ కట్టాల్సి వస్తే ఆ కోరికను పక్కన పెట్టేస్తారు. అలాంటి కోరిక మీకుంటే స్కాలర్‌షిప్ సీటు వైపే మొగ్గండి.

పెద్ద చోట చివరి వరసా, చిన్న చోట ముందు వరసా?

ఇందులో నేను ఎటూ గట్టిగా చెప్పలేను, పిల్లల స్వభావాన్ని బట్టి ఉంటుంది. చిన్న చెరువులో పెద్ద చేప అన్న పోలికతో హెర్బర్ట్ మార్ష్ 1980ల నుంచి చేసిన పరిశోధనల సారం ఏమిటంటే, ఒకే స్థాయి విద్యార్థి తనకన్నా చురుకైనవాళ్ల మధ్య పడితే, చదువులో తన మీద తనకున్న నమ్మకం తగ్గుతుంది. కొందరికి ఆ పోటీ కసి పెంచుతుంది. కొందరు మొదటి సెమిస్టర్ మార్కులు చూసి టెన్షన్‌తో ముడుచుకుపోతారు, క్లాసులో చెయ్యెత్తడమే మానేస్తారు. స్కూల్లో కష్టమైన లెక్క వచ్చినప్పుడు మీరు ఏం చేసేవాళ్లో గుర్తు తెచ్చుకోండి. పక్కవాళ్లను అడిగేవాళ్లా, దాచుకునేవాళ్లా? దాచుకునే అలవాటు ఉంటే చిన్న క్లాసులున్న చోటు మేలు.

పని అనుభవం ఇచ్చే కోర్సు

మిగతా పోలికలన్నీ సరిసమానంగా ఉన్నప్పుడు తక్కెడ మొగ్గాల్సింది ఇటే. చదువు మధ్యలో విద్యార్థిని నిజమైన ఉద్యోగానికి పంపే పద్ధతిని 1906లో సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ మొదలుపెట్టారు. కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీ 1957లో ఈ పద్ధతితోనే పుట్టింది. అక్కడి విద్యార్థులు కొన్ని నెలలు తరగతిలో, కొన్ని నెలలు జీతం మీద పనిలో ఉంటారు. డిగ్రీ చేతికి వచ్చేసరికి రెజ్యూమెలో "ఏం చేశారు" అన్న చోటు నిండి ఉంటుంది. నేను మొదట చెప్పిన వడపోతలో పేరులేని యూనివర్సిటీ విద్యార్థిని కాపాడేది ఆ చోటే. ఇంటర్న్‌షిప్ ఉందని ప్రతి చోటా చెబుతారు. అది తప్పనిసరా, క్రెడిట్లు ఉన్నాయా, వెతికిపెట్టేది ఎవరు, నిరుడు ఏ కంపెనీలు ఎంతమందిని తీసుకున్నాయి అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ర్యాంకులు ఏం కొలుస్తాయో చూసి నమ్మండి

దూరపు కొండలు నునుపు అన్నట్టు, ర్యాంకు దూరం నుంచి చాలా నిశ్చయంగా కనిపిస్తుంది. ప్రపంచ యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే, 2003లో మొదలైన షాంఘై ర్యాంకింగ్‌లో బోధన నాణ్యత అన్న పేరుతో ఇచ్చే 10 శాతం మార్కులు పూర్వ విద్యార్థులకు వచ్చిన నోబెల్ బహుమతులను, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ పతకాలను బట్టి వేస్తారు. రేపు మీకు పాఠం ఎవరు చెబుతారో అది చెప్పదు. అలాంటిదే మరొకటైన క్యూఎస్ ర్యాంకింగ్‌లో కొంత భాగం కంపెనీల అభిప్రాయ సేకరణ నుంచి వస్తుంది, ఉద్యోగానికి అది కొంత దగ్గర. సంస్థ మొత్తం ర్యాంకు కన్నా సబ్జెక్టు ర్యాంకు చూడండి. నలభయ్యో ర్యాంకుకూ యాభయ్యో ర్యాంకుకూ మధ్య తేడా కోసం నిద్ర పాడుచేసుకోకండి.

ఒక్క రోజు వెళ్లి చూసి రండి

ర్యాంకుల మీద పెట్టే వారం రోజుల్లో ఒక్క రోజు క్యాంపస్‌కు వెళ్లడానికి తీయండి. ఓపెన్ డే కాకుండా మామూలు పనిరోజున వెళ్లండి. ల్యాబ్‌లో రిజిస్టర్ ఉంటే, ఎవరు ఏ పరికరాన్ని ఏ రోజు వాడారో అందులో రాసి ఉంటుంది. చివరి ఎంట్రీ తేదీ చూడండి. నిన్నటిదైతే పరికరం విద్యార్థుల చేతుల్లో ఉన్నట్టే. ఎనిమిది నెలల నాటిదై, పైన కప్పిన ప్లాస్టిక్ కవరు మీద వేలు పెడితే దుమ్ములో గీత పడితే, బ్రోషర్‌లో ఫొటో ఎంత బాగున్నా దాన్ని లెక్కలోంచి తీసేయండి. సాయంత్రం లైబ్రరీ ఎన్నింటికి మూస్తారో, మూసే వేళకు ఎంతమంది ఉన్నారో చూడండి. మొదటి ఏడాది పిల్లలకు ఇంకా మోజు తీరదు, ఆఖరి ఏడాదివాళ్లు ఉద్యోగం వేటలో ఉంటారు, అందుకే మూడో ఏడాది విద్యార్థిని పట్టుకుని మాట్లాడండి. "ఇక్కడ మీ పేరు తెలిసిన టీచర్లు ఎంతమంది?" అని అడగండి.

ఆ ప్రశ్న ఊరికే చెప్పడం లేదు. 2014లో సర్వే సంస్థ గ్యాలప్, పర్డ్యూ యూనివర్సిటీ కలిసి 30,000 మందికి పైగా అమెరికా పట్టభద్రులను అడిగి చూశాయి. తన మీద శ్రద్ధ పెట్టిన ప్రొఫెసర్, చదువు మీద ఉత్సాహం పుట్టించినవాళ్లు, కలల వైపు ప్రోత్సహించిన మార్గదర్శి, ఈ మూడూ దొరికినవాళ్లు తర్వాత ఉద్యోగంలో మనసుపెట్టి పనిచేసే అవకాశం రెట్టింపుకు పైగా ఉంది. ఆ మూడూ దొరికాయని గట్టిగా చెప్పినవాళ్లు మాత్రం 14 శాతమే.

ఇప్పటికే పేరులేని చోట చేరిపోయినవాళ్లకు ఒక మాట. చివరి డిగ్రీ ముందు డిగ్రీని చాలావరకు కప్పేస్తుంది. మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల మణిపాల్‌లో ఇంజనీరింగ్, విస్కాన్సిన్ యూనివర్సిటీ మిల్వాకీ క్యాంపస్‌లో మాస్టర్స్ చేసి, ఉద్యోగం చేస్తూనే షికాగో యూనివర్సిటీ నుంచి ఎంబీఏ తీసుకున్నారు. యాపిల్ సీఈఓ అయిన టిమ్ కుక్ ఆబర్న్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివి, తర్వాత డ్యూక్‌లో ఎంబీఏ చేశారు. అందరూ అంత దూరం వెళ్లరు, కానీ మెట్టు మెట్టుగా ఎక్కే దారి ఉంది. మొదటి రెండేళ్ల మార్కులు పాడుచేసుకోకపోతే ఆ దారి మూసుకుపోదు.

రెండు సీట్ల మధ్య ఇంకా తేలకపోతే, ఒక కాగితం మీద రెండింటి వివరాలూ రాయండి: సబ్జెక్టు, గుర్తింపు, అప్పు మొత్తం, మధ్యగతం జీతం, ఇంటర్న్‌షిప్ నెలలు, మీలాంటి నేపథ్యం ఉన్న సీనియర్లు చేరిన చోట్లు. యూనివర్సిటీల పేర్లు మాత్రం మడిచి దాచి, మిమ్మల్ని బాగా ఎరిగిన ఒకరికి ఇచ్చి ఏది నచ్చిందో చెప్పమనండి. అప్పటికీ సమానంగానే ఉంటే, రెండు డిపార్ట్‌మెంట్లలోనూ మీకు ఆసక్తి ఉన్న అంశం మీద పనిచేసే ఇద్దరేసి అధ్యాపకులకు నాలుగు లైన్ల మెయిల్ రాయండి. మొదటి ఏడాది విద్యార్థిని ల్యాబ్‌లోకి రానిస్తారా అని అడగండి. వారం ఆగండి. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి మీ ప్రశ్నకు జవాబిచ్చిన మనిషి ఎక్కడుంటే అక్కడ చేరండి.